లక్ష్మమ్మ గెలిచిన కేసు నీరజకు ఇప్పించుట గురించి

స్కార్‌బరో,
మే నెల, నాలుగో శనివారం.

వలస కేసులలో కొత్త లాయర్లకు శిక్షణ ఇచ్చు ఫెలోషిప్ డైరెక్టర్ గారి సముఖమునకు,

అయ్యా,

(అమ్మా అయిన యెడల అమ్మా. వెబ్‌సైటులో తమ హోదా ఉంది గానీ పేరు లేదు.)

విషయం: లేని మనిషికి తమ ఫెలోలు రాసిపెట్టిన నాలుగు జవాబులలో ఒకదానిని ఉన్న మనిషికి ఇప్పించమని కోరుట గురించి.

ప్రభుత్వ జూనియర్ కళాశాల ప్రిన్సిపాల్‌గా రిటైరైన శకుంతల అను నేను విన్నవించుకొనునది ఏమనగా, ఫిర్యాదులు ఏ భాషలోనైనా రాయవచ్చును, అనువాదం మేమే చేయించుకుంటాము అని తమ వెబ్‌సైటులో ఉంది. ఆ మాట నమ్మి తెలుగులో రాస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అర్జీలు అందుకున్నదాన్నే గాని రాసినదాన్ని కాను. కాబట్టి చదివేవారికి విసుగు ఎక్కడ పుడుతుందో నాకు బాగా తెలుసు. అక్కడ ఆగకుండా చివరిదాకా చదవవలసిందిగా ప్రార్థన.

1. నీరజ నా చెల్లెలి కూతురు. హామిల్టన్‌లో చదువుకుంది. ఇప్పుడు మార్కమ్‌లో ఉద్యోగం చేస్తూ మా ఇంట్లోనే ఉంటోంది. పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వత నివాసానికి, అప్లై చేయడానికి ఒక కన్సల్టెంటును నమ్ముకుంది. ఆ మహానుభావుడు ఆమె ఏనాడూ గడప తొక్కని హైదరాబాద్ కంపెనీ ఒకదానిలో ఆమె పనిచేసినట్టు అనుభవం లెటరు ఒకటి పుట్టించి, ఆమెకు చెప్పకుండా అప్లికేషన్‌లో చేర్చి, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఇప్పుడు ఇమ్మిగ్రేషన్ వారు ఆమెకు రాశారు. నువ్వు అబద్ధం చెప్పావు, దీనికి జవాబు ఏమిటి, సరైన జవాబు రాకపోతే పీఆర్ ఉండదు, ఐదేళ్ళ దాకా మళ్ళీ అప్లై చేయడానికి కూడా వీలుండదు అని. బతిమాలితే ఒకసారి గడువు పెంచారు. ఈ నెలాఖరు దాటితే ఇక పెంచరు.

2. రూపాయల్లో పెన్షన్ తీసుకునే మాకు డాలర్లలో లాయరు అందలేదు. అందుచేత తమ ఉచిత న్యాయసలహా క్లినిక్‌కు ఫోన్ చేశాము. నీరజ పేరు వెయిటింగ్ లిస్టులో రాసుకుని, జూన్ రెండో వారంలో రమ్మన్నారు. గడువు మే నెలాఖరు కదమ్మా అన్నాను. లాయర్లందరూ ఇప్పుడు ట్రైనింగ్‌లో ఉన్నారండీ అని జవాబు. ఏం ట్రైనింగ్ అని అడిగాను. వలస వచ్చినవారికి సాయం చేయడంలో అన్నారు.

3. ఆ తర్వాత కొన్నాళ్ళకు మా లైబ్రరీ నోటీసు బోర్డు మీద తమ ప్రకటనే కనిపించింది. కొత్త లాయర్లు తమ ఇంటి భాషలో పెద్దవారితో మాట్లాడటం నేర్చుకోవాలి, అందుకు ప్రాక్టీస్ క్లయింట్లు కావాలి, టీ కాఫీలు ఇవ్వబడును అని. నిజం క్లయింటుకు జూన్ దాకా ఖాళీ లేని లాయర్లు ఉత్తుత్తి క్లయింటుకు ఆ మంగళవారమే ఖాళీ. వెళ్ళాను. నా ఉద్దేశం మంచిదేనా అని తమరు అడగవచ్చు. కాదు. లాయరు ముఖం చూడడానికి వేరే దారి లేక వెళ్ళాను.

4. అక్కడ నాకొక కాగితం ఇచ్చారు. దాని ప్రకారం నా పేరు లక్ష్మమ్మ. నాకు చదువు రాదు. నా వయసు నాకు తెలియదు. ఏది అడిగినా మొదట ఏడవాలి. ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పినదాన్ని, కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న ఫెలో పేరు కావ్యశ్రీ. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, మొన్ననే లాయరైంది. నేను లక్ష్మమ్మ పేరుతో, నాకే జరిగినట్టుగా, నీరజ కథ చెప్పాను.

5. ఈ పిల్ల విషయంలో నాకు ఫిర్యాదు లేదని స్పష్టంగా తెలియజేయుచున్నాను. "ఆంటీ, వన్ సెకండ్. ఆ కన్సల్టెంట్ మీకు ఫైనల్ అప్లికేషన్ చూపించాడా? మెసేజెస్ డిలీట్ చేయలేదు కదా?" అని ఒక్కొక్కటే అడిగింది. తెలుగు తడబడింది గాని బుర్ర తడబడలేదు. ఆ మెసేజీలతోనే మోసం అతనిదని ఎలా చూపించాలో, అతని మీద ఎవరికి కంప్లెయింట్ ఇవ్వాలో, ఏ సెక్షన్ కింద ఏం వాదించాలో గబగబా రాసేసింది. అన్నాళ్ళలో నాకు మొదటిసారి ఊపిరి ఆడింది. ఆ కాగితం ఇవ్వమ్మా అన్నాను. పక్కనున్న సూపర్‌వైజరమ్మ నవ్వుతూ దాన్ని లాగేసుకుంది. ఇది ట్రైనింగ్ మెటీరియల్, గది దాటి పోకూడదు, ఇందులో ఉన్నది సలహా కాదు, దీన్ని నమ్ముకోవద్దు అంది. ఇంటికొచ్చి గుర్తున్నది నీరజకు చెప్పాను. "పెద్దమ్మా, ఒకసారి లాయరు కానివాడిని నమ్మే కదా ఇక్కడిదాకా వచ్చాను. మళ్ళీ వినికిడి మీద రాసి పంపమంటావా?" అంది.

6. వారం తిరక్కుండా తమ ఆఫీసు నుంచి ఫోను. నా కథ అందరికీ ఎంతో నచ్చిందట. దాన్ని మోడల్ కేసు చేశారట. నలుగురు ఫెలోలు నాలుగు జవాబులు రాశారు, వచ్చి వినమన్నారు. వెళ్ళి విన్నాను. ఒకదాన్ని మించి ఒకటి. ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు వేషం కట్టిన పెద్దాయన నాలుగూ చదివి, లక్ష్మమ్మ తప్పేమీ లేదు, పీఆర్ ఇస్తున్నాను అని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. సమోసాలు పంచారు. నాకు కంగ్రాచ్యులేషన్స్ చెప్పి చేతులు కలిపారు. అయ్యా, నాకు ఆ సమోసా చూస్తే రోత పుట్టింది. నా పిల్ల ఇంట్లో అన్నం మానేసి కూర్చుంటే, పుట్టనే పుట్టని లక్ష్మమ్మకు ఈ దేశంలో శాశ్వత నివాసం దొరికింది.

7. ఇక దాచలేక సూపర్‌వైజరమ్మకు నిజం చెప్పేశాను. ఈ కేసు నా చెల్లెలి కూతురిది, పేరు నీరజ, మీ వెయిటింగ్ లిస్టులోనే ఉంది, ఆ నాలుగింటిలో ఒకటి ఆమెకు ఇవ్వండి అన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. ఎవరెవరికో ఫోన్లు చేసింది. తిరిగొచ్చి చెప్పినది ఇది. నీరజ వివరాలు ఆమె అనుమతి లేకుండా ట్రైనింగ్‌లో వాడేశాం కనుక మా క్లినిక్ ఇక ఆమె కేసు తీసుకోవడం నైతికంగా కుదరదు, వెయిటింగ్ లిస్టు నుంచి పేరు తీసేశాం, ఇదంతా ఆమె మంచికే. పోనీ ఆ మోడల్ కేసు వాడటం మానేస్తారా అని అడిగాను. పేర్లు మార్చాం కాబట్టి మానక్కర్లేదట! కావ్యశ్రీ మెట్ల దాకా నా వెంట వచ్చింది. "సారీ ఆంటీ, పర్మిషన్ లేకుండా నేను బయట కేసు చేస్తే నా ఫెలోషిప్ పోతుంది" అని కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్లను నేనేమంటాను?

8. వలసవారి కన్నీళ్ళు చూడలేక ఈ ఫెలోషిప్ పెట్టామని తమరు వెబ్‌సైటులో రాశారు. ఎవరి కన్నీళ్ళండీ? కాగితం మీద రాసిచ్చి ఏడవమన్న కన్నీళ్ళా? మా కాలేజీ ల్యాబులో కప్పల్ని కోసి నేర్చుకునేవారు. ఆ కప్పను తర్వాత బతికిస్తామని మేమెవరం బోర్డు పెట్టలేదు. మర్యాద తప్పినందుకు క్షమాపణ చెప్పాలని తెలుసు గాని చెప్పబుద్ధి కావడం లేదు.

కావున తమరు దయయుంచి, ఆ నాలుగు జవాబులలో అన్నింటికంటే తక్కువ మార్కులు వచ్చినదైనా సరే, లాయరు సంతకంతో నీరజకు ఇప్పించవలెను. అది వీలుకాని పక్షమున, సూపర్‌వైజరమ్మ కొట్టేసిన పేరును తిరిగి రాయించి, కావ్యశ్రీకి ఈ ఒక్క కేసు చేయడానికి అనుమతి ఇవ్వవలెను. అనుమతి పత్రం మీద నీరజ ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడుతుంది. ఈసారి చదివి పెడుతుంది.

ఇంతకన్న నా దగ్గర అడిగే విద్య లేదు. ఈ మనవి నెలాఖరులోగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
శకుంతల

తా.క. ఇది కవర్లో పెడుతుండగా తమ ఆఫీసు నుంచి ఈమెయిలు వచ్చింది. నేను నిజం చెప్పేసిన తర్వాత కూడా, వచ్చే మంగళవారం రెండో భాగం ఉందని పిలుపు. ఈసారి పాఠం వేరట. లక్ష్మమ్మ జవాబు పంపలేదు, గడువు దాటిపోయింది, పీఆర్ కాదన్నారు, ఉద్యోగం పోతుంది, దేశం వదలాలి. అప్పుడు ఆమె ఎలా ఉంటుందో నేను చేసి చూపిస్తే కొత్త పిల్లలు ఓదార్చడం నేర్చుకుంటారట. నేను దాన్ని రెండోసారి చదివాను. నీరజ వెనక నిలబడి మొత్తం చదివింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"పెద్దమ్మా, నువ్వొద్దులే. లక్ష్మమ్మగా నేను వెళ్తా" అంది.

అయ్యా, మంగళవారం ఆమె వస్తుంది. పక్కన నేనుంటాను. తమ పాఠంలో గడువు దాటిపోయింది, నీరజకు ఇంకా నాలుగు రోజులు మిగిలుంటాయి. ఆ గదిలో మీ పిల్లలు చెప్పే ప్రతి మాటనూ ఆమె సలహా అనే అనుకుంటుంది, రాసుకుంటుంది, సాయంత్రానికల్లా ఇమ్మిగ్రేషన్ వారికి పంపేస్తుంది. ఇది సలహా కాదు, నమ్ముకోవద్దు అని చెప్పవలసి ఉంటే తమరే స్వయంగా వచ్చి, ఎదురుగా కూర్చుని, ఆమె మొహం చూస్తూ చెప్పండి.