నల్లని దొర పాట రాసినోడు

ఓర్వకల్లు,
మంగళవారం.

జ్ఞానమణి అత్తకు మేనల్లుడు జోసెఫ్ వందనాలు.

ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయాలి కదా. రెండోది నిజమనే నమ్ముతున్నాను. మొదటిది రాయడానికి చేయి రావడం లేదు.

ఫోను పలకడం లేదని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఫోను ఆన్‌లో ఉంటే మనిషి ఎక్కడున్నాడో తెలిసిపోతుందట. అందుకే ఈ ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడాయన ఎగాదిగా చూసి, "ఏమప్పా, లవ్వా?" అన్నాడు. ప్రాణభయం అని చెప్పలేక తలూపాను.

సంగతేమిటంటే, ఇన్నేళ్లుగా పాట రాసి, బాణీ కట్టి, బీటు వేసి, మిక్సింగు చేసి ఇచ్చేది నేను. పాడినవాళ్లకు పేరొచ్చింది, వీడియోలో ఎగిరినవాళ్లకూ పేరొచ్చింది. "ఇది రాసిందెవరప్పా" అని ఒక్కడూ అడగలేదని నీ దగ్గర ఎన్నిసార్లు ఏడవలేదు? ఇప్పుడు అడుగుతున్నారు అత్తా. నాకు మిక్సింగులో సాయం చేసే సైఫుల్లా ఉన్నాడు కదా, కర్నూలులో వాడి సెల్లు రిపేరు అంగడికి తెల్ల బండిలో ఇద్దరొచ్చి, "నల్లని దొర పాట రాసినోడు యాడుంటాడు?" అన్నారట. ఎందుకన్నా అంటే, "మా గోపన్న చూడల్లంటాండాడు" అన్నారట.

మీ వేంపల్లె గోపన్నే. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి తోలే లారీల గోపన్న.

ఆ పాట నీకు తెలిసిందే, నీ నోట్లోంచి వచ్చిందే. పోయిన వానాకాలం మన ఎనుము చుక్క చచ్చిపోతే, దాని పక్కన కూర్చుని నువ్వు రాగం తీసి ఏడ్చావు. "ఎనుముకు శోకాలేంది సిస్టర్" అని పాస్టరమ్మ గారు అన్నా ఆపలేదు. నేను ఫోనులో రికార్డు చేసుకున్నాను. అంత మంచి పాట నేను పుట్టి వినలేదు. కానీ ఎనుము కోసం ఏడిస్తే ఈ కాలంలో ఎవరు వింటారు? అందుకని 'నల్లని నా తల్లీ'ని 'నల్లని నా దొరా' చేశాను. వంకర కొమ్మును వంకర మీసం చేశాను. మిగతాదంతా నీదే.

నల్లని నా దొరా, నన్నిడిసి పోతివా
కుంటుకుంట నువ్వొస్తే వీధంతా తప్పుకునె
వంకర మీసం జూసి గుండెలన్నీ జారిపాయె
నీ జాగా బోసిపాయె, నా పొద్దు గడవదాయె

నా పాటలు పాడే భువన ప్రాణం పెట్టి పాడింది. ఆటోల్లో అదే, జాతరల్లో అదే. పెండ్లి ఊరేగింపుల్లో ఈ శోకానికి చిందులేస్తున్నారు కూడా.

ఇప్పుడు గోపన్నను తలుచుకుని ఆ పాట ఇంకొకసారి చదువు. నలుపు ఆయనదే. కుంటు ఆయనదే. మీసం ఆయనదే. ఆయనొస్తే వీధి తప్పుకునేదీ నిజమే. మరి పాటలో మనిషి చచ్చిపోయాడు, ఆయనేమో బతికున్నాడు! బతికున్నవానికి శోకాలు పెడితే మన సీమలో ఏమని అర్థమో నీకు నేను చెప్పాలా?

నువ్వొకప్పుడు వాళ్ల పశువుల కొట్టంలో పని చేశావు కదా. ఒకసారి పోయి కోపంలో ఉన్నాడో లేదో చూసి రా. జవాబు సైఫుల్లా అంగడికి రాయి.

ఇట్లు,
వణుకుతూ, జోసెఫ్.

తా.క.: ఎనుము సంగతి మాత్రం నోరు జారొద్దు. చచ్చిన మనిషితో పోల్చినందుకు కాళ్లు విరగ్గొట్టి వదిలేస్తాడేమో. చచ్చిన ఎనుముతో పోల్చానని తెలిస్తే విరగ్గొట్టడానికి కాళ్లు చాలవు.

*

వేంపల్లె,
శుక్రవారం.

అల్లుడు జోసెఫ్‌ను అత్త జ్ఞానమణి ప్రభువు పేరిట దీవించి రాయునది.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు సంగటి కూడా దిగలేదు. అయినా నీ కోసమని కొంగులో ఇన్ని అలసందలు మూట కట్టుకుని గోపన్న ఇంటికి పోయినా.

ఆయప్ప అరుగు మీద మంచంలో పడుకుని, ఫోను రొమ్ము మీద పెట్టుకుని, కండ్లు మూసుకుని నీ పాటే వింటాండాడు. అయిపోతానే మళ్లా పెట్టమంటాడు, మళ్లా పెట్టమంటాడు. చుట్టూ ఉండే మనుషులు ఊపిరి కూడా మెల్లగా వదుల్తాండారు. నన్ను చూసి లేచి కూర్చున్యాడు.

"జ్ఞానమణీ, ఈ పాట విన్యావా?"

"లేదప్పా, మేము దేవుని పాటలు తప్ప వినము" అన్యా. దేవుడు నన్ను క్షమించల్ల.

"రాసినోడు మీ జోసెఫ్ అంట గదా?"

"వానికంత తెలివి యాడిదప్పా?" అన్యా. నొచ్చుకోవద్దు అల్లుడా, నీ ప్రాణం కోసం అన్న మాట అది.

ఆయప్ప మీసం దువ్వుకుంటా, "వాడు ఈడికి రావల్ల. వాడు రానిదే పని జరగదు" అన్యాడు. ఏం పని అని అడిగే ధైర్యం నాకు లేకపాయె.

వచ్చేటప్పుడు ఇంటి వెనక తొంగిచూసినా. గుంత తవ్వుతాండారు. మనిషి నిలువునా పండుకునేంత పొడుగుండాది. పక్కనే నున్నగా సాన పట్టిన కడప బండ ఆనించినారు. పేరెవరిదప్పా చెక్కేది అంటే, "రాసినోడు రావల్లమ్మా, వాడొచ్చినాకే" అన్యారు. నేను చదివింది తక్కువే గానీ, సమాధి రాయి ఎట్లుంటాదో తెలీదా నాకు? చర్చి వెనక రోజూ చూసేదే కదా.

నువ్వు ఉండే చోటు నుంచి కదలొద్దు. గడ్డం పెంచు.

ఇట్లు,
నీ అత్త జ్ఞానమణి.

తా.క.: నాకూ ఒక భయముండాది, నీకు చెప్పలేదు. చుక్క వాళ్లింటి దూడే. వాళ్ల లారీ తగిలి దాని కాలు కుంటైతే మనుషులు కోతకు అమ్మేద్దామన్యారు. ఆయప్ప ఒప్పుకోక తాడు నా చేతికిచ్చి, "కంట్లో పెట్టుకుని సాకు" అన్యాడు. అది పోయిందని చెప్పేకి ఇన్నాళ్లూ నాకు నోరు రాలేదు. అడిగినప్పుడల్లా "మేస్తాండాదప్పా" అంటా వచ్చినా. ఇప్పుడు మళ్లా అడిగి, "వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం తోలుకుని రా, చూస్తా" అన్యాడు. నేను యాడి నుంచి తోలుకుని పోవల్ల?

*

ఓర్వకల్లు,
సోమవారం.

అత్తకు వందనాలు.

గుంత, బండ అని చదివినప్పటి నుంచి నా పరిస్థితి చెప్పేలా లేదు. ఈ గది గోడలకు శబ్దం రాకుండా కోడిగుడ్ల అట్టలు కొట్టుకున్నాను కదా. ఇప్పుడు బయట ఎవరొస్తున్నారో వినబడడం లేదని అవే పీకేశాను. పక్కనున్న విమానాశ్రయంలో విమానం దిగినా ఉలిక్కిపడుతున్నాను. గోపన్న విమానంలో రాడని తెలుసు. అయినా అంతే.

కానీ ఒక ఉపాయం చేశాను. చచ్చిపోయావని రాసిన చేత్తోనే బతకమని రాస్తే కోపం పోదా? ఒక్క పూటలో కొత్త పాట రాశాను. "చంద్రుడున్నన్నాళ్లు నీ పేరు గోపన్నా, పేదోళ్ల గుండెల్లో నీ గుడి గోపన్నా." మొదట్లోనే 'వేంపల్లె గోపన్నకు అంకితం' అని భువనతో చెప్పించాను. సైఫుల్లా నిన్ననే నెట్‌లో పెట్టాడు. ఇక ఆయన చల్లబడాల్సిందే.

ఇట్లు,
కొంచెం తక్కువ వణుకుతూ, జోసెఫ్.

తా.క.: చుక్క సంగతికి ఇంత దిగులెందుకు? ఊళ్లో ఇంకో నల్ల ఎనుము లేదా? నుదుటి మీద ఇంత సున్నం పెడితే అదే చుక్క. భువనకు గొంతు పట్టేసినప్పుడు వేరే అమ్మాయితో పాడించి పేరు ఆమెదే వేశాను. ఎవరైనా కనుక్కున్నారా?

*

వేంపల్లె,
గురువారం.

అల్లునికి దీవెనలు. నీ తెలివికి మాత్రం దీవెనలు లేవు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చేస్తివి కదరా! మొదటి పాట గోపన్న మీదని ఈ ఊళ్లో ఒక్కరికీ తట్టలేదు. అనుకున్నది నువ్వూ నేనే. ఇప్పుడు నువ్వే పేరు పెట్టి చెప్తివి. ఒక పాటలో నల్లని దొర పోయినాడు, ఇంకో పాటలో చంద్రుడున్నన్నాళ్లు పేరు నిలుస్తాదంట. పోయినోళ్లకు కాక ఇంకెవరికి రాస్తారు అట్లా? జనం రెండూ కలుపుకున్యారు.

గోపన్న ఇంటి ముందర పొద్దున్నుంచి ఒకటే జనం. ప్రొద్దుటూరు నుంచి ఎవరో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా కొట్టించుకుని వచ్చినారు. అప్పుడే గోపన్న కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీదికొచ్చినాడు. చూస్తానే ఒక ఆడమనిషి కండ్లు తిరిగి పడిపాయె. చెప్పులిడిసి పారిపోయినోళ్లు కొందరు. ఒక ముసలాయప్పకు తెచ్చిన దండ ఏం చేయల్లో తెలీక, వణుకుతా వణుకుతా పోయి ఆయప్ప మెడలోనే వేసినాడు.

గోపన్న ఆ దండతోనే నిలబడి కాఫీ అంతా తాగినాడు. తిట్టుంటే బాగుండు. తిట్టలేదు. గ్లాసు కింద పెట్టి, "ఓర్వకల్లు పక్కనంట. పోయి రాసినోన్ని తోడుకుని రాండి" అన్యాడు. ఆ తెల్ల బండి బయలుదేరినాది.

ఈ ఉత్తరం ముందొస్తాదో, వాళ్లు ముందొస్తారో.

ఇట్లు,
అత్త.

తా.క.: పక్కింటి గంగక్క వాళ్ల ఎనుమును అడిగి తెచ్చినా. సున్నం బాగానే పట్టినాది. కానీ కుంటమంటే కుంటదు. నేను ముందర కుంటుకుంటా నడిస్తే నన్ను చూసి నేర్చుకుంటాదేమోనని చూస్తాండా.

*

ఓర్వకల్లు కొండరాళ్ల నుంచి,
వారం గుర్తు లేదు.

అత్తా,

తెల్ల బండి బస్టాండులో నా పేరు అడుగుతోందని సైఫుల్లా వచ్చి చెప్పాడు. గది వదిలేసి ఈ రాళ్ల మధ్యకు వచ్చి కూర్చున్నాను. ఇది ఆఖరి ఉత్తరం కావచ్చు.

నల్లని దొర పాట తీసేయమని సైఫుల్లాకు చెప్పాను. చెప్పేటప్పుడు చావు కంటే అదే ఎక్కువ నొప్పిగా ఉండింది అత్తా. ఇన్నేళ్లలో మనసుతో చేసిన పాట అదొక్కటే. మిగతావన్నీ మొన్న రాసిన అంకితం లాంటివే. వాడు కూడా ఏడ్చి, నీ జవాబు వచ్చేదాకా తీయనన్నాడు.

నా హార్మోనియం చర్చికి ఇచ్చెయ్యి. నేను పోతే నువ్వు రాగం తీసి ఏడుస్తావని తెలుసు. ఒక్కటే కోరిక. జోసెఫ్ అని నా పేరు పెట్టి ఏడువు.

ఇట్లు,
నీ అల్లుడు.

తా.క.: ఏడ్చేటప్పుడు పక్కన ఎవడన్నా ఫోను పట్టుకుని నిలబడితే తరిమెయ్యి. వాడు నన్ను కూడా మార్చేస్తాడు.

*

వేంపల్లె,
శనివారం.

అల్లుడు జోసెఫ్‌కు అత్త దీవెనలు.

ఈ కవరు నీ చేతికిచ్చే ఇద్దరూ ఆ తెల్ల బండి వాళ్లే. రాళ్లెక్కి పారిపోవద్దు. ఇంతకు ముందు నిన్ను వెతికి వెతికి వాళ్లకు మోకాళ్లు పట్టేసినాయంట. నిలబడి ఇది చదువు.

పోయిన ఆదివారం ఆరాధన అయినాక గంగక్క ఎనుమును తోలుకుని పోయినా. దారంతా అది చక్కగా నడిచినాది, నేనే కుంటినా. గోపన్న అరుగు దిగి వచ్చి దాని ముందర నిలబడినాడు. శానాసేపు చూసినాడు. చూసి, బొటనవేలు తడి చేసుకుని దాని నుదుటి మీద ఒక్క రుద్దు రుద్దినాడు. సున్నమంతా వేలికొచ్చేసె. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తు రాలేదు.

"చుక్క ఎప్పుడు పోయినాది జ్ఞానమణీ?" అన్యాడు.

నేను ఏడ్చేసినా. ఆయప్ప నన్ను ఏడవనిచ్చి, అప్పుడు చెప్పినాడు. "పాట మొదటిసారి విన్నప్పుడే నాకు తెలిసిపాయె. కుంటుకుంట వచ్చి వీధంతా తప్పించేది అదొక్కటే. నువ్వే వచ్చి చెప్తావులే అని చూస్తాంటి. అడిగినప్పుడల్లా మేస్తాండాది అంటివి. నేనంటే అంత భయమా నీకు?"

"నీకు భయపడనోళ్లు ఎవరుండారప్పా? ఊరంతా ఆ పాట నీ మీదే అనుకుంటాండారు" అన్యా.

ఆయప్ప నవ్వినాడు. ఆ నవ్వు నాకు బాగనిపించలేదు. "నా మీద కాదని నాకు తెల్దా? నా కోసం అట్లా ఎవరేడుస్తారు? దండలు తెచ్చినోళ్లను అరుగు మీద నిలబడి అందరినీ చూసినా. ఒక్కరి కంట్లో తడి లేదు" అన్యాడు.

ఆ గుంత నీకు కాదురా. దావన పోయే పశువులకు నీళ్ల తొట్టి కట్టిస్తాండాడు, చుక్క పేరు మీద. ఆ బండ మీద చెక్కేది నీ పాట. 'దొరా' తీసేసి 'తల్లీ' అని, మీసం తీసేసి కొమ్మని, ఎట్లుండేది అట్లా నువ్వు కూర్చుని రాసియ్యల్లంట. కింద నీ పేరు ఉండల్లంట. "రాసినోని పేరు లేకుండా రాయి నిలబెట్టొద్దు" అని మేస్త్రీకి గట్టిగా చెప్పినాడు. సగం నాది కదప్పా అంటే, నీ పేరు కింద నా పేరు కూడా పెట్టిస్తానన్యాడు. నీకిష్టమేనా? ఇష్టం లేకపోయినా పెట్టిస్తా.

నల్లని దొర పాట తీయొద్దు. ఆ రెండోది మాత్రం ఈ పొద్దే తీసేయమన్యాడు. "అంత మంచోడు మన జిల్లాలో ఎవరుండార్రా?" అన్యాడు.

నేను బయలుదేరబోతే ఆయప్ప తల వంచుకుని అడిగినాడు, "నేను పోతే నువ్వు ఏడుస్తావా జ్ఞానమణీ?" అని. చుక్క విషయంలో ఆడిన అబద్ధాలు చాలనుకున్యా. "రాగం వస్తాదప్పా, కన్నీళ్లు వస్తాయో లేదో చెప్పలేను" అన్యా. ఆయప్పకు కోపం రాలేదు. "అట్లయితే రోజూ వచ్చి ఇంతసేపు కూర్చుని పోతాండు" అన్యాడు.

బండెక్కి రా. ఫోను బియ్యంలోంచి తీయి.

ఇట్లు,
నీ అత్త జ్ఞానమణి.

తా.క.: ఆ పొద్దు నుంచి రోజూ పోతాండా. శానా మాట్లాడతాడు, వినేవాళ్లు లేక నిలవైపోయిన మాటలన్నీ. నిన్న మాట్లాడతా మాట్లాడతా పొరబోయి దగ్గుతా ఉండిపాయె. నాకు గుండె ఝల్లుమన్యాది. ఎప్పటి మాదిరి ఆయప్పను చూసి కాదు, ఆయప్పకేమైతాదో అని. ఇంటికొచ్చినాక కూడా ఆ భయం పోలేదు అల్లుడా.