తడి బూట్లు

శుక్రవారం, పెదపాడు

నా కాలు కుళ్లిపోయిందనీ, అందుకే చేపల చెరువు లీజుకిచ్చేస్తున్నాననీ ఊళ్లో చెప్పుకుంటున్నారు. రెండూ అబద్ధాలే. మేత పడవ దిగి తడికాళ్లనే రబ్బరు బూట్లలో దూర్చడంవల్ల వేళ్ల సందుల్లో ఫంగస్ చేరింది, అంతే.

“పసుపు ముద్ద పెట్టుకుని ఇంట్లో కూర్చోండత్తయ్యా. చెరువు లీజుకడుగుతున్న ఆ భీమడోలు ఆయనకిచ్చేద్దాం,” అన్నాడు నా మేనల్లుడు ప్రసాదు.

“తడి పసుపు మెత్తితే సందులు ఆరేదెప్పుడురా? పొడిగా తుడిచి, డాక్టరుగారిచ్చిన ఆయింట్‌మెంటు రాస్తున్నాను. నిన్న ఆ బూట్లే నువ్వూ తొడుక్కున్నావు, ముందు నీ వేళ్లు చూసుకో,” అన్నాను.

దురద తగ్గినా, డాక్టరు చెప్పినన్నాళ్లూ మందు మానను. అయినా మంట పుట్టినప్పుడల్లా, ఇది ముదిరితే చెరువుగట్టు మీద నడవగలనా అనే ఆలోచన...

భీమడోలు ఆయనకు సాయంత్రమే ఫోన్ చేసి, చెరువు ఇవ్వనని మర్యాదగానే చెప్పేశాను. ఈ బేరం తెచ్చిన ప్రసాదుకు రేపు ఆయనే చెబుతారు.