ఆయుధపూజకు ఆపిన స్విచ్

18 అక్టోబర్ 2004, సోమవారం

హరిణి అన్నం దగ్గర గొప్పలు పోయింది. పంజాగుట్టలో వాళ్ల మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్‌కి సెట్టింగులన్నీ తనే మార్చిందట. ఎండాకాలం నుంచి ఒక్కసారీ ఆగలేదట. సేవ్ చేశావా అని అడిగాను. కరెంటు తీస్తేనే మరిచిపోతుంది నానమ్మా, యూపీఎస్ ఉందిగా అంది. లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని. బోర్డు తుడిచేలోపు నోట్సులో ఎక్కించకపోతే పిల్లల్ని నిలబెట్టేదాన్ని. రేపు చేస్తానంది.

మా వంటమనిషి స్వరాజ్యం కొడుకు ప్రవీణ్ అక్కడే హరిణి కింద పనిచేస్తున్నాడు. అమీర్‌పేటలో కోర్సు చేశాడు. ఉద్యోగం నేనే హరిణికి చెప్పి ఇప్పించాను. బోరబండలో వాళ్ల ఇంట్లో ఆఫీసు గడప తొక్కిన మొదటి మనిషి.

21 అక్టోబర్, గురువారం, ఉదయం

ఆఫీసులో ఆయుధపూజ. స్విచ్ ఆపాలా అని ప్రవీణ్ అడుగుతున్నాడంటూ హరిణి ఫోన్ చేసింది. నడుస్తున్న యంత్రానికి బొట్టు పెట్టకూడదు, ఆపి పెట్టండి అన్నాను. సరే ఆపెయ్ ప్రవీణ్ అని హరిణి అనడం నాకు ఫోన్‌లో వినిపించింది.

సాయంత్రం

హరిణి సేవ్ చేయలేదు. హారతి అయ్యాక స్విచ్ కొత్తగా కొన్నదానిలా లేచిందట. ఎవరినీ గుర్తుపట్టలేదట. అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేసి పంపే ఫైళ్లు వెళ్లలేదు. క్లయింటు కాంట్రాక్టు రద్దు చేశాడు.

23 అక్టోబర్, శనివారం

ప్రవీణ్‌ని తీసేశారు. ఎవరు ఆపారని మేనేజర్ అడిగాడట. ప్రవీణ్ అని హరిణి చెప్పిందట. అబద్ధం కాదుగా నానమ్మా అంది.

ఆపమన్నది ఎవరు అని అడిగాను. లేచి వెళ్లిపోయింది.

25 అక్టోబర్, సోమవారం

స్వరాజ్యం వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. అడిగినంకనే బంద్ చేసిండమ్మా నా కొడుకు, దొంగ లెక్క గేటు కాడ బ్యాగు సుత వెతికిండ్రు అంది. జర మీ మనమరాలితోని ఒక్క మాట చెప్పించుండ్రి, మస్తు పుణ్యముంటది అంది. హరిణి గది తలుపు వేసే ఉంది.

28 అక్టోబర్

మేనేజర్‌కి నువ్వు చెప్తావా, నన్ను వెళ్లమంటావా అని హరిణిని అడిగాను. వచ్చే నెల నా ఉద్యోగం కన్ఫర్మేషన్ నానమ్మా, ఆపమన్నది నువ్వు కూడానూ అంది. నిజమే. అది కూడా చెప్తానన్నాను.

1 నవంబర్, సోమవారం

ఆటోలో పంజాగుట్ట వెళ్లాను. మేనేజర్ లేచి నిలబడి కుర్చీ వేయించాడు. ఆపమన్న మాట నాది, హరిణిది. సేవ్ చేయనిది హరిణి. ప్రవీణ్ తప్పు లేదు అని వరసగా చెప్పాను. అంతా విన్నాడు. మంచినీళ్లు తెప్పించాడు. మీరు వస్తారని హరిణి గారు ముందే చెప్పారమ్మా అన్నాడు. ఈ మధ్య మీకు మతిమరుపు ఎక్కువైందట, జరిగినవీ జరగనివీ కలిపేస్తున్నారట, పాపం తను చాలా బాధపడుతోంది అన్నాడు.

మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకోమని సెక్యూరిటీకి చెప్పాడు.

12 నవంబర్, దీపావళి

స్వరాజ్యం మానేసింది. వంట నేనే చేశాను. చుట్టాల ముందు హరిణి రెండుసార్లు అడిగింది, కూరలో ఉప్పు వేశావా నానమ్మా అని.

వేశాను. ఇక్కడ రాసి పెడుతున్నాను.