మా వాగుకి పేరుంది

అయ్యా,

పోయిన వారం మీరు మ్యాపు కోసం పేర్లు రాసుకుంటూ మా ఊరొచ్చారు. మా పొలం దిగువన పారే వాగు పేరేమిటని అడిగితే, లేదన్నాను. అరవయ్యేళ్ళుగా నేను వినలేదు మరి. ఊళ్ళో ఎవరిని అడిగినా అదే మాటన్నారని మీరు ఆశ్చర్యపోయారు.

నిన్న దుకాణంలో ఆ సంగతే చెప్పి, "ప్రతి బురదగుంటకీ ఐరిష్‌లో ఓ పేరు పెట్టారు, ఈ ఒక్క వాగునీ మరిచారు మనవాళ్ళు" అని నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. పొరుగింటి ముసలావిడ బార్‌బ్ర నన్ను బయటికి పిలిచింది.

"పేరు లేకేం నాయనా! శ్రుహాన్ న బాంత్రీ, విధవరాలి వాగు. మొగుడు పోయిన సోరఖా అనే ఆవిణ్ణి దొర మనుషులు పిల్లలతో సహా ఇల్లూ పొలం లాక్కుని గెంటేస్తే, చలికాలమంతా ఆ గట్టునే పడుంది. గెంటేసినవాళ్ళ పొలం తీసుకోవడం పాపమని ఊళ్ళో ఎవరూ ముట్టని ఆమె పొలం మీ ముత్తాత తీసుకున్నాడు. మీ ఇంటివాళ్ళ ఎదుట ఆ పేరెత్తొద్దని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. ఎలా ఎత్తుతాం? తెల్లారితే మొహాలు చూసుకోవాలిగా!"

నేను గుమ్మంలోకి రాగానే ఎన్నిచోట్ల మాటలు సగంలో ఆగిపోయేవో ఇప్పుడు గుర్తొస్తోంది. సిగ్గుతో తలెత్తుకోలేకపోతున్నాను.

పేరు మ్యాపులో ఎక్కించండి. వాగు పేరు బోర్డు బార్‌బ్ర వాళ్ళ వైపు వద్దు, మా గేటు ఎదురుగా పాతించండి. సరిచూసుకోవడానికి మాత్రం మళ్ళీ ఊళ్ళో ఎవరినీ అడగకండి. వాళ్ళు ఇంకా లేదనే చెబుతారు.

ఇట్లు,
ఆ పొలం అనుభవిస్తున్నవాడు