పడుగు ఆరేలోపు వార్తలు

మైదుకూరు, 1953

ఆగస్టు 5, బుధవారం

ఈ రోజు సంతలో మిరపకాయల వాడితో, ఎద్దుల బ్రోకరుతో నా గొంతుకు పోటీ. నేనే గెలిచాను. యోనా చేప కడుపులో నుంచి కేక వేసే ఘట్టం వచ్చేసరికి ఎద్దులు కూడా తలెత్తి చూశాయి.

ప్రసంగం అయ్యాక నేతవీధి పెద్ద చిన్నన్న నా దగ్గరికి వచ్చాడు. మారుమనసు పొందాడనుకున్నాను. కాదు. వాళ్ల వీధిలో పొద్దున్నే మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు సాచి గంజి పట్టించేటప్పుడు ఒకరు పేపర్ చదివి వినిపించడం ఆనవాయితీ. ఇన్నేళ్లూ చదివిన పంతులుకు చూపు ఆనడం లేదట. నీ గొంతు ఈ కొస నుంచి ఆ కొసకి ఇనపడతాది రాహేలమ్మా, కానీ మాకు వార్తలు సాలు, మీ దేవుడు వద్దు అన్నాడు.

పాస్టరుగారు నన్ను గుడిలో నిలబడి మాట్లాడనివ్వరు. ఆడదానివి, సంతలో చెప్పుకో అంటారు. బడి గడప తొక్కనిదాన్ని. బైబిలు వాక్యం ముందేసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అలాంటిది ఒక వీధి వీధంతా పొద్దున్నే నా నోటి కోసం కాచుకుని ఉంటుందంటే వదులుకుంటానా? సరే అనేశాను. దేవుడు వార్తల్లో లేకపోతేనేం, నా సంచిలో ఉంటాడు.

ఆగస్టు 6, ఉదయం

మొదటి రోజు. వీధి పొడుగునా దారాలు సాచి, రెండు కొసలా గుంజలకు బిగించారు. రెండు పక్కలా ఆడా మగా కుంచెలు పట్టుకుని గంజి పూస్తూ, దువ్వుతూ నడుస్తారు. ఎండ ముదిరేలోపు దువ్వడం అయిపోవాలి. లేకుంటే పోగూ పోగూ అతుక్కుపోతుంది. వాళ్ల పక్కనే నేనూ నడుస్తూ చదివాను. మద్రాసు పేపర్ సాయంత్రం కడప బస్సులో వస్తుంది కాబట్టి మా వార్తలకు ఒక రాత్రి నిద్ర ఎక్కువ.

చిన్నన్న తల్లి హంపమ్మ అన్నింటికీ అడ్డం వస్తుంది. నూలు ధర తగ్గిందని చదివితే, ఎవురు తగ్గిచ్చినారో పేరు సెప్పు, ఈడెవురికీ తగ్గలేదే అంది. పేపర్లో పేరు లేదవ్వా అన్నాను. ఐతే అబద్దం, తర్వాతది సదువు అంది.

ఆగస్టు 9, ఆదివారం

గుడిలో పాస్టరుగారు ప్రకటనలు చదివారు. ఆయనకు చదవడం రాదు.

ఆగస్టు 20

బస్ కండక్టరు పేపర్ కట్ట విప్పి మొదటిది నాకే ఇస్తున్నాడు. అంగట్లో నన్ను వార్తలమ్మ అంటున్నారు. పక్క వీధి వాళ్లు కూడా తమ పడుగులు తెచ్చి ఇక్కడే సాచుకుంటామని అడిగారట. సైకిల్ షాపులో మాయన దావీదురాజును, మీ ఇంటామె ఈ పొద్దు ఏం సదివిందప్పా అని అడిగి మరీ గాలి కొట్టించుకుంటున్నారట.

గర్వం గురించి వాక్యం ఏం చెబుతుందో నాకు బాగా తెలుసు. రేపు చూసుకుంటాను.

సెప్టెంబరు 2

చూసుకోలేదు. నాశనానికి ముందు గర్వం అన్నది వాక్యం. అదే జరిగింది.

కోస్తాలో ఎక్కడో బావి తవ్వుతుంటే మట్టి విరిగిపడి ఒక కూలీ అడుగున చిక్కుకున్నాడు. తెల్లారి బతికి బయటపడ్డాడు. పేపర్లో నాలుగు లైన్లు, అంతే. నాలో ప్రసంగీకురాలు లేచి కూర్చుంది. ఆ నాలుగు లైన్లలోకి చీకటి తెచ్చాను, దాహం తెచ్చాను, బావి గట్టున అతని పెళ్లాన్ని నిలబెట్టాను. పేపర్లో అతనికి పెళ్లాం ఉందో లేదో! అన్నలు గుంటలో తోసిన యోసేపును పేరు చెప్పకుండా తెచ్చి పక్కన కూర్చోబెట్టాను. మట్టి మీద మట్టి పడుతోంది, పైన ఉన్నవాళ్లకు కింద నుంచి ఒక్క మూలుగు వినబడింది అని గొంతు దించి ఆగాను.

వీధి అంతా ఆగిపోయింది. ఒక్క కుంచె కదల్లేదు. ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందో రాయకపోతే అబద్ధమవుతుంది. ఇంకా లాగాను. మనిషిని బయటికి తీసేసరికి ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. ఎండ నడినెత్తికి వచ్చేస్తోంది.

పడుగు అప్పడంలా బిగిసింది. పెళ్లిచీరల పడుగు. చిన్నన్న పోగులు విడదీయబోతే పుటుక్కున తెగాయి. తిట్టలేదు. నువ్వు ఆ మనిషిని బాయిలోంచి ఎత్తినావు, నన్ను తోసినావు, రేపట్నుంచి రావద్దు తల్లీ అన్నాడు.

సెప్టెంబరు 3

వెళ్లలేదు. కాకులకు కూడా నా మాట అక్కర్లేదు.

సెప్టెంబరు 5

పంచాయితీ రేడియో లౌడ్‌స్పీకరు కొమ్మును నేతవీధి వైపు తిప్పించారు. సందు మలుపులో నిలబడి విన్నాను. చావైనా పెళ్లైనా ఆ రేడియో ఆయనకు ఒకటే గొంతు. తుఫాను వార్త చదువుతున్నాడు, వక్కాకు నములుతున్నంత నిమ్మళంగా. రక్తం లేదా ఇతనికి?

కానీ కుంచెలు ఆడుతున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

ఇంటికొచ్చి గిన్నెలు పగిలేలా తోమాను.

సెప్టెంబరు 13, ఆదివారం

ఈ రోజు వాక్యం తెరిస్తే ఏలీయా ప్రవక్త గుహలో దేవుని కోసం కాచుకున్న ఘట్టం. గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది. వాటిలో దేవుడు లేడు. తర్వాత వచ్చిన సన్నని స్వరంలో ఉన్నాడు. ఈ కథ సంతలో ఎన్నిసార్లు చెప్పానో! గాలికి చెట్లు విరిచాను, భూకంపానికి బల్ల గుద్దాను, అగ్నికి ఎండుగడ్డి కాల్చి చూపించాను. సన్నని స్వరం దగ్గరికి వచ్చేసరికి జనం లేచిపోతారేమోనని గబగబా దాటేసేదాన్ని.

ప్రభువా, నువ్వు ఉన్న చోటే దాటేశానా!

సెప్టెంబరు 15

ప్రాక్టీస్ మొదలుపెట్టాను. మాయన సంగటి తింటుంటే ఎదురుగా కూర్చుని పాత పేపర్ చదువుతున్నాను. ముద్ద నోటికి పోయే దారిలో ఆగిందంటే నేను ఫెయిల్. నేడు చాలాసార్లు ఆగింది. నాకు సంగటి సల్లారిపోతాంది, నీకు దండం పెడతా, ఇంగో గంట తర్వాత సదువుకో అని మొత్తుకున్నాడు.

సెప్టెంబరు 22

దొంగతనం వార్త చదివాను. ముద్ద ఆగలేదు. ఊరుబిండి పచ్చడి ఇంకొంచెం వెయ్యి అన్నాడు. ఆనందం పట్టలేక రెండు గరిటెలు వేశాను.

సెప్టెంబరు 28

చిన్నన్న ఇంటికి పోయి, ఒక్క ఛాన్స్ ఇవ్వమని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. లోపల్నుంచి హంపమ్మ అందుకుంది. ఆ పెట్టెని ఏమడిగినా పలకదు, నేను అడిగేలోపల ఇంకోటి ఎత్తుకుంటాది, దానికంటే ఈ అరిసేదే మేలు, పిలువు అంది. చిన్నన్న చివరికి షరతు పెట్టాడు. శనివారం ట్రయల్. ముతక పంచెల పడుగు, అతనిదే. చేతులు ఆగితే మళ్లీ ఈ గడప తొక్కకూడదు.

అక్టోబరు 3, శనివారం

నిన్న సాయంత్రం పేపర్ చేతికి రాగానే బస్సు దగ్గరే నిలబడి మొదటి పేజీ రెండుసార్లు చదివాను. ట్రయల్‌కు ఇదే వార్త రావాలా? మొన్న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. మన కర్నూలు రాజధాని. దీన్ని సన్నగా చదవాలట! బూరల మోతకే యెరికో గోడలు కూలిన రోజున బూర ఊదొద్దన్నట్టు ఉంది.

పొద్దున్నే మొదలుపెట్టాను. నూలు ధర చదివే గొంతుతోనే చదివాను. అధికారుల రాక, జనం, డేరాల్లో ఆఫీసులు. కుంచెలు ఆడుతున్నాయి. కర్నూలు అన్న మాట దగ్గర నోటిదాకా కేక వచ్చింది. మింగేశాను. తర్వాతి లైన్ చదివాను.

ఒక కుంచె ఆగింది. చూస్తే చిన్నన్నదే.

నడి వీధిలో నిలబడి కర్నూలు రోడ్డు వైపు చూస్తున్నాడు. కళ్ల నిండా నీళ్లు. నా పని అయిపోయిందనుకున్నాను. అయినా చదవడం ఆపలేదు. అప్పుడు హంపమ్మ వెనక నుంచి వచ్చి కుంచె కర్రతో కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. రాజధాని యాడికీ పోదు, గంజి ఆరిపోతాంది, దువ్వురా! అంది. వీధంతా నవ్వింది. నవ్వుతూనే దువ్వింది. చిన్నన్న కూడా.

ఎండ ఎక్కకముందే దువ్వడం అయిపోయింది. చిన్నన్న అరచెయ్యి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆనించి చూసుకున్నాడు. పోగుకు పోగు విడిగా ఉంది. నా వైపు తిరగకుండానే, సోమవారం పట్టుచీరల పడుగు ఉండాది, పేపర్ మర్చిపోవద్దు అన్నాడు.

ఇంటికొచ్చి తలుపేసుకుని, మింగిందంతా ఒక్కసారి గట్టిగా అరిచాను. మాయన షాపు నుంచి పరుగెత్తుకొచ్చాడు, తేలు కుట్టిందనుకుని.

అక్టోబరు 12, సోమవారం

పైన ఎక్కడో వానలు. ఏరు పొంగి నిన్న కడప బస్సు రాలేదు. పేపర్ లేదు. ఇక్కడ చినుకు లేదు, పడుగు సాచేశారు, గంజి పూసేశారు. అందరూ నా ఉత్త చేతుల వైపు చూస్తున్నారు.

నడుస్తూ, పేపర్ చదివే గొంతుతోనే మొదలుపెట్టాను: నిన్న మన వీధిలో ఎవరూ చావలేదు.