ఆ సాయంత్రం మీరు చూసిన దెబ్బలు

ఎదురింటి పిన్నిగారికి,

కుడిచేతికి కట్టు కట్టారు. ఆసుపత్రి మంచం మీంచి ఎడంచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉన్నా ఓపిగ్గా చదవండి.

మా ఆయన కావాలనే ఇల్లు అంటించారని మీరు పోలీసులకు చెప్పారట. ఆ సాయంత్రం "ఇల్లు తగలబెట్టి పారేస్తా!" అని ఆయన అరిచిన మాట నిజమే. పోట్లాడుకున్నప్పుడల్లా అంటారు. నేనూ అంటాను. మంట పుట్టింది మాత్రం వైర్లలో. ఫ్రిజ్జు, హీటరు, ఇస్త్రీపెట్టె అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించాం. అది సోఫా వెనక కరిగి అంటుకుంది. పొగ వస్తే మొత్తుకునే అలారం ఒకటుండేది. వేపుడు పెట్టినప్పుడల్లా గోల చేస్తోందని ఆయనే చీపురుకర్రతో పగలగొట్టారు. అందుకే మంట పైకి లేచేదాకా మాకు తెలియలేదు.

"కాపాడండి!" అని గొంతు చించుకున్నాను. మా ఇంట్లో కేకలు మామూలే కదా, మీ ఇంట్లో టీవీ సౌండు పెరిగింది.

ఆయన నన్ను జుట్టు పట్టుకుని తలమీద బాదడం మీరు కిటికీలోంచి చూశారట. బాదారు. నా జడ అంటుకుంది పిన్నిగారూ. ఉత్త చేతులతో ఆర్పారు. ఆ చేతులకి ఇప్పుడు చర్మం లేదు. ఆయన మంచం పక్కన పోలీసు కాపలా ఉన్నాడు.

స్టేషనుకి వెళ్లి ఈ సంగతి చెప్పండి. ఆయన మంచివాడని చెప్పమనడం లేదు. ఇన్నేళ్లూ నన్ను చావబాదుతుంటే మీకేమీ కనబడలేదు. నన్ను బతికించడానికి కొట్టిన ఒక్కరోజే కనబడిందా?

మీ ఎదురింటి అమ్మాయి