దిష్టిపూస అడ్డొచ్చిన కన్ను

తమ్ముడు మక్సత్‌కి,

ఆ యంత్రం కన్ను పొడిచింది నువ్వే. కటింగ్ ప్లేయర్ తొక్తోసున్ బాబాయి చేతిలో ఉండవచ్చు, మాట మాత్రం నీది. అల్మాటీలో కూర్చుని ఫోన్‌లో చెప్పిన మాట.

నువ్వు అక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ ఓష్‌లో అమ్మ, నీ భార్య నసీప, నేను క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అందులో నిజమెంతో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ఫోన్‌లో నా గొంతు లేవగానే "అక్కా, సిగ్నల్ పోతోంది" అంటావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు. అందుకే అల్మాటీ వచ్చే వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

ముందు నువ్వడిగినవి. బోర్డుల మీద అంటించే ఫిల్మ్‌కి ఎడమ అంచున ముడతలు పడటం ఆగింది. తప్పు ఫిల్మ్‌ది కాదు, మన బోర్డుల కొట్టు నేలది. వీధివైపు వాలు కదా, ఫిల్మ్ వేసే లామినేటర్ ఒక కాలి మీద ఒరిగి నిలబడింది. కింద చెక్కముక్కలు పెట్టాం. రోలర్ల మధ్య రెండు చివర్లా కాగితపు పట్టీలు పెట్టి, రెండూ ఒకే బిగువుతో లాగొచ్చేదాకా పిడులు తిప్పాం. బుడగలకు కారణం రంగు ఆరకపోవడం. "వేసేయండి, ఏం కాదు" అని తొందరపెట్టింది నువ్వే. తర్వాత అచ్చువేసినవి మర్నాటిదాకా ఆరబెట్టాకే ఫిల్మ్ వేశాం. పై రోలర్ వేడెక్కే రకమే కొందామన్న నీ మాట మాత్రం సరైనదే. చలికాలంలో మన కొట్టులో జిగురు పట్టదు. చూశావా, నీది ఒప్పయితే ఒప్పంటాను.

కానీ కొనేటప్పుడు నేను పట్టుబట్టింది ఒక్కదాని కోసమే. రోలర్ల ముందు చెయ్యి అడ్డొస్తే చూసి యంత్రాన్ని ఆపేసే కన్ను. అది లేనిది చవకని నువ్వంటే బజారు మధ్యలో నీతో పోట్లాడాను. "నీ ఉపన్యాసం వినేకన్నా ఆ కన్ను కొనడమే చవకక్కా" అని నవ్వుతూ ఒప్పుకున్నావు.

యంత్రం దించిన రోజు అమ్మ దిష్టి పోవాలని అర్చా చెట్టు కొమ్మ కాల్చి కొట్టంతా పొగ చూపింది. తర్వాత దిష్టిపూస పట్టుకుని, దీనికి ముఖం ఎక్కడుందా అని చుట్టూ తిరిగింది. చిన్న దీపాలు మెరుస్తున్న చోటు చూసి అక్కడ కట్టింది. కళ్లున్న చోటే కదా ముఖం! పూస సరిగ్గా ఆ కన్నుకు అడ్డంగా వేలాడింది. యంత్రం కదిలితే ఒట్టు.

"కొంచెం పక్కకి జరుపుదామే అమ్మా" అన్నాను.

"కట్టిన పూస విప్పితే బజారు దిష్టంతా మన నెత్తినే పడుతుంది. నీ చదువు నీ దగ్గరే పెట్టుకో."

నసీప నీకు ఫోన్ చేసింది. నువ్వేమన్నావు? "అమ్మతో ఎవరు పెట్టుకుంటారు? ఆ కన్ను తీగ కోసి కొసలు కలిపేయమను బాబాయిని. నువ్వు జాగ్రత్తగా చేస్తావులే."

ఆ "చేస్తావులే" దగ్గరే నా గొడవ. అమ్మ మనసు నొచ్చకూడదు, బోర్డులు ఆలస్యం కాకూడదు, నీకు తలనొప్పి రాకూడదు. వీటన్నిటికీ పూచీ నసీప చేతులు! లోకంలో ఏ కార్ఖానా అయినా ఇంతే. కాపాడేదాన్ని కోసేసి, పనిచేసేవాళ్లను జాగ్రత్తగా ఉండమంటుంది. అలాగని పూసను ఏమీ అనకు. పూస ఎవరి చెయ్యీ నలపదు. అమ్మ తెలియక కట్టింది, నువ్వు తెలిసి కోయించావు.

ఇక ఇన్నాళ్లూ దాచిన సంగతి. నీకు చెప్పనని నసీప నా చేత రొట్టె మీద ఒట్టు వేయించుకుంది. ఎవరికీ జంకనని పేరు మోసిన నేను, ఆ రొట్టెకు జంకి నోరు మూసుకున్నాను. ఇవాళ ఒట్టు తప్పుతున్నాను. దానికన్నా పెద్ద భయం పట్టుకుంది.

ఆ రోజు బడి బోర్డులకు ఫిల్మ్ వేస్తున్నాం. నేను వెనకవైపు నిలబడి బయటికొచ్చేది అందుకుంటున్నాను. నసీప ముందు వంగి అంచు సరిచేస్తోంది. ఆమె తలగుడ్డ కొస జారి రోలర్ల మధ్యకు పోయింది. పెడల్ మీంచి కాలు తీస్తే ఆగుతుందిగా అంటావు. భయపడ్డ మనిషి కాలు తీయదు మక్సత్, ఇంకా గట్టిగా తొక్కుతుంది. "వదినా" అన్న కేక సగంలో తెగిపోయింది. నేను చుట్టూ తిరిగొచ్చి యంత్రాన్ని ఆపే ఎర్ర మీట కొట్టేసరికి ఆమె గడ్డం రోలరుకు ఆని ఉంది. కత్తెరతో గుడ్డ కోసి విడిపించాను. మెడ చుట్టూ ఎర్రటి గీత. వీడియో కాల్‌లో ఆమె మెడకు చుట్టుకున్న శాలువా చూసి "చలేస్తోందా?" అని అడిగావట.

అమ్మ ఏమందో తెలుసా? "పూసే కాపాడింది." అని ఇంకో పూస కట్టింది.

నసీప ఏమందో తెలుసా? "తెలిస్తే ఆయన యంత్రం అమ్మేస్తాడు వదినా. నేను మళ్లీ ఒకరి హోటల్లో గిన్నెలు తోముకోవాలి."

రేపు మళ్లీ మొదలెడతానంటోంది. యంత్రం తాళంచెవి నా కోటు జేబులో దాచాను. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. అయినా యంత్రం ఉన్న వెనక గదిలో ఏ చప్పుడు విన్నా రోలర్లు తిరుగుతున్నట్టే ఉంటోంది. తాళంచెవి లేకపోతేనేం, బాబాయికి తీగలు కలపడం నువ్వే నేర్పావుగా!

కాబట్టి నువ్వు చేయవలసినవి ఇవి.

కోసిన తీగ మళ్లీ అతికించమని బాబాయికి నువ్వే చెప్పాలి.

పూసలు గుమ్మానికి కట్టమని అమ్మను నువ్వే అడగాలి. కూతురి మాట చెల్లదు, కొడుకు మాట చెల్లుతుంది. ఆ గొడవ తర్వాత పడతాను.

కన్ను బాగయ్యేదాకా బోర్డులు రావని బడివాళ్లకు చెప్పాలి.

యంత్రం అమ్మకూడదు.

నసీపకు ఫోన్ చేసినప్పుడు బోర్డుల సంగతి ఎత్తవద్దు. ముందు ఆ శాలువా తీయమను. చూడు.

ఇట్లు,
జేబులోంచి చెయ్యి తీయని
నీ అక్క గుల్బర్చిన్